దేశం మా ఇంటికొచ్చి అడిగిన రోజులు

మా అమ్మ కుడి చేతికి ఒక బంగారు గాజు ఉండేది. ఎడమ చేతికి మాత్రం మట్టిగాజులే. పేరంటాల్లో కొత్తవాళ్ళెవరైనా చూసి "రెండోది తాకట్టులో ఉందా అమ్మా?" అని అడిగేవారు. "లేదండీ, ఇచ్చేశాం" అనేది. ఎవరికిచ్చారో చెప్పేది కాదు. చెప్తే గొప్పలు పోయినట్టు ఉంటుందని ఆవిడకి మొహమాటం.

ఆ గాజు ఇచ్చింది 1962 నవంబర్‌లో. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, స్వతంత్ర దేశానికి పదిహేనేళ్ళు. ఇద్దరం చిన్నవాళ్ళమే.

మా ఇల్లు విశాఖపట్నం మహారాణిపేటలో ఉండేది. సముద్రం కూతవేటు దూరం. నాన్న పోస్టాఫీసులో గుమాస్తా. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, నేను, చెల్లి. అమ్మ తమ్ముడు, మా మావయ్య, పూర్ణా మార్కెట్‌లో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారం చేసేవాడు. తెల్లవారుజామున మూడింటికి మార్కెట్‌కి వెళ్తే మధ్యాహ్నం దాకా నిలబడే ఉండేవాడు. నలుగురు ఆడపిల్లలు. డబ్బు దగ్గర జాగ్రత్త మనిషి. ఆయన సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే ఇదంతా రాయాలనిపించింది ఆయన వల్లే.

1962 అక్టోబర్ 20న చైనా సైన్యం ఇటు నేఫాలో, అటు లదాఖ్‌లో ఒకేసారి మన మీదికి వచ్చింది. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌ని అప్పుడు నేఫా అనేవాళ్ళం. ఆ వారంలోనే దీపావళి వచ్చింది. నాన్న టపాకాయలు కొనలేదు. నేను ఏడవబోతే నాయనమ్మ కళ్ళతోనే ఆపేసింది. సాయంత్రం ప్రమిదలు వెలిగించి అందరం రేడియో ముందు కూర్చున్నాం. వార్తల్లో ఎప్పుడూ వినని పేర్లు వచ్చేవి. నామ్కా చూ, తవాంగ్, సేలా, బొమ్డిలా. నాన్న నా స్కూలు అట్లాసు తెరిచి ఆ చోట్లు వెతికేవారు. చాలావాటికి అందులో చుక్క కూడా లేదు. "ఇక్కడెక్కడో ఉంటుందిరా" అని హిమాలయాల మీద వేలు పెట్టి చూపించేవారు. రోజురోజుకీ ఆ వేలు కిందికి, అస్సాం వైపు దిగుతూ వచ్చింది. యుద్ధం ఎటు పోతోందో నాకు ఆ వేలే చెప్పింది.

మన జవాన్లకి ఆ చలికి తగిన కోట్లు లేవని, కాన్వాసు బూట్లతోనే కొండలెక్కారని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. బొమ్డిలా పడిపోయాక నెహ్రూ గారు రేడియోలో మాట్లాడారు. ఆయన ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు. నాన్న తలవంచుకుని విన్నారు. అస్సాం వాళ్ళని తలుచుకుని బాధపడుతున్నారని మాత్రం చెప్పారు. తర్వాత నవంబర్ 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపేస్తున్నామని ప్రకటించింది. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ అప్పటికే పదవి వదులుకున్నారు. లదాఖ్‌లో రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్, ఆయన కంపెనీలోని కుమావూన్ రెజిమెంటు జవాన్లు దాదాపు అందరూ ప్రాణాలొదిలేదాకా పోరాడారన్న సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. మంచు కరిగే ముందు, చేతుల్లో తుపాకులు అలాగే ఉండగా దొరికారట. ఆ ముక్క చదివి వినిపించిన రోజు నాయనమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

జాతీయ రక్షణ నిధికి బంగారం ఇమ్మని పిలుపు వచ్చింది ఆ నవంబర్‌లోనే. ఊరంతా అదే మాట. అమ్మ ఒకరోజు పొద్దున్నే తలస్నానం చేసి, సబ్బు నురగ రాసుకుని ఎడమ చేతి గాజు తీసింది. పెళ్ళినాటి గాజు. పదేళ్ళుగా తియ్యలేదేమో, మణికట్టు దగ్గర తెల్లగా ఒక గీత పడి ఉంది. మావయ్య అప్పుడే వంకాయల బుట్ట ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, ఉన్న రెండింట్లో ఒకటి ఇచ్చేస్తావా? రేపు పిల్లకి పెళ్ళి చెయ్యొద్దా?" అన్నాడు.

"పిల్ల పెళ్ళికి ఇంకా పదేళ్ళుందిరా. వాళ్ళకి చలి ఇప్పుడే వేస్తోంది" అంది అమ్మ.

మావయ్య మళ్ళీ మాట్లాడలేదు. నాన్నా, అమ్మా, నేనూ వెళ్ళి ఇచ్చి వచ్చాం. ఒక రసీదు ఇచ్చారు. అమ్మ దాన్ని దేవుడి గూట్లో, కుంకుమ భరిణ కింద పెట్టింది. మావయ్య ఏమీ ఇవ్వలేదు. ఆ ఏడాదే పెద్దపిల్లకి టైఫాయిడ్ వచ్చి అప్పులపాలయ్యాడు, ఇవ్వడానికి ఏముంది? అయినా ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన చూపు అమ్మ ఎడమ చేతి మీదికి వెళ్ళి వెనక్కి వచ్చేది. నేను చాలాసార్లు గమనించాను.

బంగారం విషయంలో ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చింది. 14 క్యారట్ల కంటే మేలిమి బంగారంతో కొత్త నగలు చెయ్యకూడదన్నారు. మన ఆడవాళ్ళకి 14 క్యారట్ల నగ అంటే అసలు నగే కాదు, ఎవరు చేయించుకుంటారు? మా వీధి చివర ఒక కంసాలి కుటుంబం ఉండేది. స్కూలుకి పోతూ వాళ్ళ అరుగు మీద ఊదుగొట్టం, మూస, చిన్న సుత్తి చూస్తూ నిలబడేవాణ్ణి. ఆ కుంపటి ఆరిపోయింది. కొన్నాళ్ళకి వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. దేశమంతటా ఎందరో స్వర్ణకారులు అలా వీధిన పడ్డారు, కొందరు ప్రాణాలు కూడా తీసుకున్నారు. కొన్నేళ్ళకి 14 క్యారట్ల నిబంధన ఎత్తేశారు గానీ ఆ కంసాలి తిరిగి రాలేదు. మా అమ్మ దగ్గర అడిగి తీసుకున్నారు, ఆయన దగ్గర అడక్కుండా తీసుకున్నారు. ఆ తేడా నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో ఇంకొకటి జరిగింది, మాకు తెలియకుండానే. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో ఒక ప్రతిజ్ఞ రాశారు, తెలుగులో. "భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు" అని మొదలయ్యేది. మీరూ స్కూల్లో చెయ్యి చాచి చెప్పే ఉంటారు. 1963లో మా ఊరి బడిలో మొదలై, 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదివారు, అన్ని భాషల్లో. ఆయనది నల్లగొండ జిల్లా అన్నేపర్తి. ఎన్నో ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు ఉండేది కాదు. నేను రోజూ అసెంబ్లీలో ముందు వరసలో నిలబడి గొంతు చించుకుని చెప్పిన మాటలు మా ఊళ్ళోనే, ట్రెజరీ లెక్కలు చూసుకునే ఒక ఉద్యోగి రాశారని నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. తెలిసిన రోజు చాలాసేపు మనసు మనసులో లేదు.

1964 మే 27. ఎండాకాలం సెలవులు. మధ్యాహ్నం పడుకున్నవాళ్ళం లేచేసరికి వీధిలో ఎవరో పరుగెడుతున్నారు. నెహ్రూ గారు పోయారు. నాన్న ఆఫీసు నుంచి నడిచే వచ్చేశారు. ఆ రాత్రి వీధిలో ఏ ఇంట్లోంచీ పోపు వాసన రాలేదు.

తర్వాత శాస్త్రి గారు. మనిషి చిన్నగా ఉంటాడని, గొంతు మెత్తగా ఉంటుందని మొదట్లో మా వీధి అరుగుల మీద కూడా తేలిగ్గా మాట్లాడినవాళ్ళు ఉన్నారు. 1965 సెప్టెంబర్‌లో వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. పాకిస్తాన్ ఆగస్టులో కశ్మీర్‌లోకి మనుషుల్ని చొప్పించి, సెప్టెంబర్ 1న ఛంబ్ దగ్గర ట్యాంకులతో దిగింది. 6వ తేదీన మన సైన్యం పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు నడిచింది. ఆ పొద్దున రేడియో విని నాన్న చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టగా చూడడం నా జన్మలో అదొక్కసారే.

ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో చెరుకు పొలాల్లోకి నీళ్ళు వదిలితే అమెరికా వాళ్ళిచ్చిన పాటన్ ట్యాంకులు బురదలో కూరుకుపోయాయి. హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద ఫిరంగి పెట్టుకుని ట్యాంకులకి ఎదురెళ్ళి, వాటిని పేల్చి, తానూ నేలకొరిగాడు. మా క్లాసులో పిల్లలందరం రిక్షా మీద కర్ర పెట్టి అబ్దుల్ హమీద్ ఆట ఆడాం. పాటన్ ట్యాంకుగా ఉండడానికి మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు. చివరికి ఆవులు కట్టేసే గాటనే ట్యాంకు అనుకున్నాం.

ఆ ఏడాది వానలు పడలేదు. తిండిగింజలకి కటకట. అమెరికా నుంచి పీఎల్ 480 అనే సాయం పథకం కింద వచ్చే గోధుమల మీద ఆధారపడి ఉన్నాం, యుద్ధం వచ్చేసరికి ఆ గోధుమల దగ్గరా మన చెయ్యి మెలిపెట్టడం మొదలైంది. అప్పుడు శాస్త్రి గారు వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానమన్నారు. ముందు తన ఇంట్లో మానిపించి తర్వాతే జనాన్ని అడిగారని చెప్పుకునేవారు. జై జవాన్, జై కిసాన్ అన్న మాట కూడా అప్పటిదే.

మా ఇంట్లో దీనికో చిక్కు వచ్చింది. నాయనమ్మకి సోమవారం ఎప్పటినుంచో ఉపవాసం, శివుడికి. నాన్న నవ్వుతూ "నీకు ఇబ్బందే లేదమ్మా, నువ్వు ముందే మొదలుపెట్టేశావు" అన్నారు. ఆవిడకి నచ్చలేదు. రెండు రోజులు ఆలోచించి తేల్చేసింది. "శివుడికిచ్చేది శివుడిది. అదే పస్తు దేశానికీ లెక్క రాస్తే ఇద్దరినీ మోసం చేసినట్టేరా" అని, ఆనాటి నుంచి గురువారం రాత్రి కూడా తినడం మానేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, వారానికి రెండు పస్తులు. అమ్మ గొడవ పెట్టుకుంది, కాళ్ళు పట్టుకుంది, వినలేదు. పిల్లలకి మాత్రం సోమవారం రాత్రి ఒక అరటిపండు, మజ్జిగ. ఆకలికి నిద్ర పట్టేది కాదు. కానీ మా వీధిలో అన్ని ఇళ్ళలోనూ పిల్లలు అలాగే మెలకువగా ఉన్నారని తెలుసు. పక్కింటి కుర్రాడూ నేనూ గోడకి అటూ ఇటూ పడుకుని గోడ మీద కొట్టుకునేవాళ్ళం, ఇంకా నిద్రపోలేదని చెప్పడానికి.

1966 జనవరి 10 సోమవారం. సోవియట్ ప్రధాని కొసిగిన్ మధ్యవర్తిగా తాష్కెంట్‌లో శాస్త్రి గారూ పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖానూ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. కశ్మీర్‌లో ఎంతో రక్తం పోసి పట్టుకున్న హాజీ పీర్ కనుమ వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. మా ఇంట్లో ఎప్పటిలాగే ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. తెల్లారి లేచేసరికి శాస్త్రి గారు ఇక లేరు. ఆయన చెప్పిన పస్తు చేసి పడుకుని, లేచి ఆయన చావు కబురు విన్నాం. ఇది నేను ఎవరికి చెప్పినా కట్టుకథ అనుకుంటారు. కేలెండర్ తీసి చూసుకోండి, జనవరి 10 సోమవారమే.

భోగి మంట ఆ ఏడు మా వీధిలో వెయ్యలేదు. నాయనమ్మ గురువారం పస్తు మాత్రం ఆపలేదు. 1968లో ఆవిడ పోయేదాకా సాగింది.

ఒక్కసారి మేము దేశాన్ని అడిగాం. 1966 అక్టోబర్, నవంబర్‌లలో, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని. టి. అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబర్ 1న మా ఊళ్ళో పోలీసులు కాల్పులు జరిపారు, పిల్లలు కూడా చనిపోయారు.  నాన్న నన్ను ఇంట్లో పెట్టి గడియ వేశారు. మేము అడిగినదానికి దేశం జవాబు చెప్పడానికి 1970 ఏప్రిల్ దాకా పట్టింది, ఇందిరా గాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించేదాకా. ఈ సంగతి గురించి ఇంకెప్పుడైనా విడిగా రాస్తాను. ఇక్కడ కలిపితే దానికి అన్యాయం జరుగుతుంది.

ఇక 1971. నేను డిగ్రీ చదువుతున్నాను.

ఆ మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం తన జనం మీదే విరుచుకుపడింది. అప్పటినుంచి తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులు రావడం మొదలై దాదాపు కోటి మంది అయ్యారు. కోటి అంటే ఎంతో మాకు తెలియలేదు. నాన్న పోస్టాఫీసు కౌంటరు దగ్గర తెలిసింది. నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద అయిదు పైసలు అదనంగా అంటించాలన్నారు. కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న అయిదు పైసల స్టాంపు మీద 'రెఫ్యూజీ రిలీఫ్' అని అచ్చు గుద్ది అమ్మేవారు. కొన్నాళ్ళకి దానికోసమే వేరే స్టాంపు వేశారు. మొదటి వారం నాన్న గొంతు పోయింది, వచ్చినవాళ్ళకల్లా చెప్పి చెప్పి. జాలారిపేట నుంచి ఒక ముసలావిడ వచ్చిందట, కలకత్తా రేవులో పనిచేసే కొడుక్కి ఉత్తరం వెయ్యడానికి. ఆ అయిదు పైసలు ఎందుకో నాన్న చెప్తే విని, "మరి ఆళ్ళు కూడు తింతన్నారా బాబూ?" అని అడిగిందట. నాన్న "తింటున్నారమ్మా" అన్నారట. ఆవిడ కొంగు ముడి విప్పి అయిదు పైసల బిళ్ళ తీసి కౌంటరు మీద పెట్టింది. ఆ రాత్రి నాన్న ఈ సంగతి చెప్తూ, "నాకేం తెలుసని తింటున్నారని చెప్పాను?" అని మాటిమాటికీ అన్నారు.

కాలేజీలో మాకు అంతా దౌత్యం గోలే. ఆగస్టు 9న రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో సంతకాలు చేసిన సోవియట్ మైత్రీ ఒప్పందం మంచిదా కాదా అని క్యాంటీన్‌లో కొట్టుకునేవాళ్ళం. ఏ కూటమిలోనూ చేరని మన అలీన విధానం ఏమైనట్టు అని ఒకడు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒకటైతే మనం ఒంటరిగా నిలబడాలా అని నేను. ఇందిరా గాంధీ నవంబర్ మొదట్లో వాషింగ్టన్ వెళ్ళి నిక్సన్‌ని కలిసి ఉత్త చేతులతో తిరిగి వచ్చినప్పుడు మా వాదన ఆగిపోయింది. యుద్ధం తప్పదని అందరికీ అర్థమైంది.

మా ఊరు అంతకుముందులా లేదు. తూర్పు నౌకాదళం ఇక్కడే, రేవు ఇక్కడే, నౌకల కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం అన్నీ ఇక్కడే. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించమన్నారు. అమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసింది. నేనూ చెల్లీ బల్ల ఎక్కి అంటించాం. సైకిలు దీపానికి సగం నల్లరంగు. సైరన్ మోగితే దీపం ఆర్పాలి, చుట్ట కూడా కాల్చకూడదు. వీధి కుర్రాళ్ళం విజిల్స్ వేసుకుంటూ తిరిగేవాళ్ళం. మేడ మీద పడుకుంటే డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు తిరుగుతూ కనిపించేది. చిన్నప్పటి నుంచి అది చూస్తూ నిద్రపోయినవాణ్ణి. ఆ రోజుల్లో అది కనిపించకపోతే, ఊళ్ళో ఉన్న పెద్దదిక్కు ఎటో వెళ్ళిపోయినట్టు అనిపించింది.

నవంబర్ చివర్లో ఒక మధ్యాహ్నం మావయ్య మంచి హుషారుగా వచ్చాడు. నేవీకి సరుకు పంపే కాంట్రాక్టరు మనిషి వచ్చి కాయగూరలు బోలెడు కావాలన్నాడట. రోజూ కొనేదానికి ఎన్నో రెట్లు. వంకాయ, క్యాబేజీ, బంగాళాదుంప, ఉల్లిపాయ, ఏదుంటే అది.

"విక్రాంత్ వచ్చేసింది బావా" అన్నాడు నాన్నతో, గొంతు తగ్గించి. "అంత పెద్ద ఓడైతేనే గాని ఇంత సరుకు పట్టదు. వెయ్యి మంది పైన ఉంటారంట అందులో."

మన దగ్గర ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక విక్రాంత్. నాన్న "ఇలాంటివి బయట అనకు" అన్నారు. మావయ్య అననే లేదు అన్నాడు గానీ, అప్పటికే మార్కెట్ మొత్తానికి తెలుసు. మాంసం కొట్టువాళ్ళకి తెలుసు. రిక్షావాళ్ళకి తెలుసు. మర్నాడు మా కాలేజీలోనూ అదే మాట. నేను కూడా నలుగురికి చెప్పాను. ఎంత రహస్యమో అంత తొందరగా పాకింది.

"రేటు కూడా నేనన్నదే ఇచ్చాడు బావా, బేరమాడలేదు" అన్నాడు మావయ్య వెళ్తూ వెళ్తూ. రెండో పిల్ల పెళ్ళి మాఘంలో పెట్టుకున్నారు. ఆ డబ్బు దానికి పనికొచ్చింది.

డిసెంబర్ 3 శుక్రవారం సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. కలకత్తాలో ఉన్న ఇందిరా గాంధీ ఢిల్లీ చేరుకుని అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. మేము చీకట్లో, రేడియో డయల్ వెలుగు బయటికి పడకుండా దుప్పటి కప్పుకుని విన్నాం. దాదాపు అప్పుడే సముద్రం వైపు నుంచి ఒక పెద్ద చప్పుడు. ఉరుము కాదు. నల్ల కాగితాల వెనక అద్దాలు గజగజలాడాయి. గూట్లో కుంకుమ భరిణ కింద పడింది. చెల్లి అమ్మని పట్టుకుంది. మా మీద బాంబులు పడడం మొదలైందనుకున్నాం. ఆ తర్వాత ఏమీ లేదు. అలల హోరు తప్ప ఏమీ వినపడని నిశ్శబ్దం. తెల్లవార్లూ కూర్చునే ఉన్నాం.

పొద్దున జాలర్లు నీటి మీద నూనె తెట్టు, తేలుతున్న సామాన్లు చూశారని ఊరంతా పాకింది. డిసెంబర్ 9న ప్రభుత్వం బయటపెట్టింది. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. విక్రాంత్‌ని ముంచడానికి కరాచీ నుంచి అంత దూరం చుట్టి వచ్చి మా రేవు ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే, అంటే నీటి అడుగున పేలే బాంబుల వల్లే, మునిగిందని మనవాళ్ళు, దాని సొంత మైన్లే పేలాయని పాకిస్తాన్ వాళ్ళు ఇప్పటికీ అంటారు. విక్రాంత్ అసలు మా ఊళ్ళో లేనే లేదు. అప్పటికే అండమాన్ దీవుల వైపు భద్రంగా ఉంది. 4వ తేదీ నుంచి దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి.

"మరి ఆ కూరగాయలు ఎవరికి?" అని మావయ్య అడిగాడు. ఎవరికీ జవాబు తెలియదు. వదిలేశాం.

6వ తేదీన మన దేశం బంగ్లాదేశ్‌ని గుర్తించింది. ఐక్యరాజ్యసమితిలో సోవియట్ వీటోలు, బంగాళాఖాతం వైపు అమెరికా ఏడో నౌకాదళం, అందులో అణుశక్తితో నడిచే ఎంటర్‌ప్రైజ్. మా బీచ్‌లో నిలబడి తూర్పుకి చూస్తే ఆ ఓడ ఎక్కడో అదే నీళ్ళలో ఉందని తెలిసి ఒళ్ళు జలదరించేది. 16వ తేదీ గురువారం సాయంత్రం ఢాకా రేస్ కోర్సులో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 93,000 మంది బందీలు. పేపర్లో ఆ ఫొటో వచ్చినప్పుడు మా ఊళ్ళో అందరూ ఒక మనిషి కోసం వెతికారు. బల్ల దగ్గర మన జనరల్ అరోరా, నియాజీ. వెనక నిలబడ్డవాళ్ళలో వైస్ అడ్మిరల్ కృష్ణన్, మా విశాఖ తూర్పు నౌకాదళాధిపతి. నాన్న ఆ తెల్ల యూనిఫాం మీద వేలు పెట్టి చూపించారు. తొమ్మిదేళ్ళ కిందట హిమాలయాల మీద కిందికి దిగుతూ వచ్చిన వేలు అదే.

మర్నాడు నల్ల కాగితాలు చింపేశాం. మైదా జిగురు గట్టిది, మూలల్లో ముక్కలు మిగిలిపోయాయి. ఆ ఇల్లు అమ్మేసేదాకా ఉన్నాయి.

1972 జూలైలో పాకిస్తాన్‌తో సిమ్లా ఒప్పందం. పశ్చిమాన అంతర్జాతీయ సరిహద్దు దాటి పట్టుకున్న నేల తిరిగి ఇచ్చేస్తామన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. చేతికి చిక్కిన గెలుపుని బల్ల మీద పోగొట్టుకున్నాం అని ఇంట్లో అరిచాను. నాన్న వాదించలేదు. అమ్మ మాత్రం, "ఆ తొంభై మూడు వేలమందికీ ఇళ్ళున్నాయి కదురా" అంది. అప్పుడు నాకది దౌత్యం తెలియని ఆడమనిషి మాటలా అనిపించింది. ఇప్పుడు నేవీ డేకి ఆర్.కె. బీచ్‌లో జనం మధ్య నిలబడి విన్యాసాలు చూస్తుంటే నా చూపు ఇంకొంచెం దూరంగా, నీళ్ళ మీదికి పోతుంది. ఘాజీలో తొంభైకి పైగా మనుషులు ఉన్నారు. ఒక్కరూ బయటపడలేదు. ఇంకా అక్కడే, మా ఊరి నీళ్ళ అడుగునే ఉన్నారు. మనవాళ్ళని చంపడానికి వచ్చినవాళ్ళే, నిజమే. అమ్మ మాట గుర్తొస్తుంది.

1996లో బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం కట్టారు. అప్పటికి అమ్మా నాన్నా లేరు. మావయ్య పక్షవాతంతో మంచం పట్టి ఉన్నాడు. ఆ రోజుల్లోనే నాకు అడ్మిరల్ కృష్ణన్ గారు రాసుకున్న జ్ఞాపకాలు చదివే అవకాశం వచ్చింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఘాజీని నమ్మించడానికి వాళ్ళు పన్నిన వల అంతా అందులో ఉంది. రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నటించమని సముద్రంలోకి పంపి వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. విక్రాంత్‌లోని ఒక నావికుడు తల్లికి జబ్బుగా ఉందని, ఎలా ఉందో చెప్పమని అడిగినట్టు ఒక తంతి కూడా బహిరంగంగా పంపారు, శత్రువు వినాలనే. ఊళ్ళో కాంట్రాక్టర్ల దగ్గర సరుకులు, ముఖ్యంగా మాంసం, కూరగాయలు పెద్దఎత్తున తెప్పించారు. విక్రాంత్ రేవులో ఉందన్న మాట ఊరంతా పాకి, గూఢచారుల చెవిన పడాలని.

ఆ మధ్యాహ్నమే మావయ్య దగ్గరికి వెళ్ళాను. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ ముక్క తెలుగులో చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"అంటే ఆ రోజు దేశం నా కొట్టుకి వచ్చిందంటావా అల్లుడూ?" అన్నాడు, మాట ముద్దగా వస్తోంది.

"అవును మావయ్యా. నీ కొట్టుకే."

చాలాసేపు మాట్లాడలేదు. పడిపోని చెయ్యి ఎత్తి, రెండో చేతి మణికట్టు చుట్టూ వేళ్ళతో మెల్లగా రాశాడు, గాజు ఉండే చోట.

"ముందే తెలిస్తే డబ్బు తీసుకోకపోదును రా" అన్నాడు.